వన్యప్రాణి సంరక్షణకు ప్రజలే కాపలా: నేలపట్టు చెరువు నుంచి పులికాట్ ఆల్చిప్పల వరకు

వెలిగొండల పాదాన ఉన్న వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మెట్ట గ్రామాలలో నిండిన చెరువు విలువ ఎంతటిదో రైతుకు వేరుగా చెప్పనవసరం లేదు. ఆ విలువ నీటి పక్షులకు కూడా తెలుసు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండిన ఏడు కొంగలు, నీటి కాకులు, బాతులు గుంపులుగా దిగుతాయి. వానలు ముఖం చాటేసిన ఏడు అవి మరో నీటి వనరును వెతుక్కుంటూ వెళ్లిపోతాయి. ఉమ్మడి నెల్లూరు జిల్లాకు మరో కొసన, సముద్ర తీరాన, ఇదే సంబంధం ఇంకా పెద్ద స్థాయిలో కనిపిస్తుంది. అక్కడ నేలపట్టు అనే చిన్న గ్రామంలోని చెరువు వందలాది గూడబాతులకు పుట్టినిల్లు కాగా, సమీపంలోని పులికాట్ సరస్సు వాటికి మేత స్థలం.

ఈ రెండు నీటి వనరులూ 1976 నుంచి పక్షుల అభయారణ్యాలుగా చట్టబద్ధమైన రక్షణ పొందుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇవి తిరుపతి జిల్లా పరిధిలోకి వచ్చాయి. చట్టపరమైన రక్షణకు తోడు, ఆ నీటిపై ఆధారపడిన ప్రజల సహకారం ఉన్నచోటనే వన్యప్రాణులు నిలిచాయన్నది ఇన్నేళ్ల అనుభవం. నేలపట్టులో ఆ సహకారం ఏ ప్రాతిపదికపై నిలిచింది, పులికాట్ నీటి అడుగున ఉండే ఆల్చిప్పల దిబ్బల రక్షణకు అదే సూత్రం ఎంతవరకు వర్తిస్తుంది, మెట్ట ప్రాంత గ్రామాలు దీని నుంచి ఏమి గ్రహించవచ్చు అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టం కంటే ముందున్న కట్టుబాటు

నేలపట్టు దొరవారిసత్రం మండలంలోని గ్రామం. పులికాట్ సరస్సుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. అభయారణ్యం మొత్తం విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. ఇందులో చెరువు కొంత భాగం మాత్రమే కాగా, మిగిలినది తీరప్రాంతానికి ప్రత్యేకమైన పొడి సతతహరిత అడవి. చెరువులో పెరిగే నీటి కడప చెట్లు నెలల తరబడి నీటిలో మునిగి ఉన్నా తట్టుకోగలవు. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటి కాకులు, రాత్రి కొంగలు ఈ చెట్ల కొమ్మలపైనే గూళ్లు కట్టుకుంటాయి.

ఇక్కడి ప్రధాన అతిథి గూడబాతు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాలకు పరిమితమైన ఈ పక్షిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రమాదపుటంచుకు చేరువైన జాతిగా వర్గీకరించింది. దీని సంతానోత్పత్తి స్థలాలు దక్షిణ భారతదేశంలో కొద్దిచోట్ల మాత్రమే ఉన్నాయి. వాటిలో నేలపట్టు ప్రముఖమైనది.

గ్రామస్థులు ఈ పక్షులను కాపాడుకోవడానికి కారణం కేవలం దయాగుణం కాదు. గూళ్ల నుంచి రాలే రెట్ట చెరువు నీటిలో కలుస్తుంది. అందులో నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉంటాయి. ఆ నీరు తూముల ద్వారా వరి పొలాలకు చేరినప్పుడు సహజమైన ఎరువుగా పనిచేస్తుంది. పక్షులు వచ్చిన ఏడు పంట బాగుంటుందన్న నమ్మకం ఆ గ్రామాలలో బలంగా ఉంది. ఆ నమ్మకానికి ఆధారం పొలంలోనే కనిపిస్తుంది. అందువల్ల పక్షిని వేటాడటమంటే ఊరి పంటకు నష్టం చేయడమేనన్న కట్టుబాటు ఏర్పడింది. అటవీశాఖ కాపలా ఆ కట్టుబాటుకు బలం చేకూర్చింది.

ప్రయోజనం పొందేవారే రక్షణ బాధ్యతను కూడా స్వీకరించడం ఈ ఏర్పాటులోని ప్రధానమైన విశేషం. ప్రయోజనం ఒకరికి, భారం మరొకరికి అయినచోట ఇటువంటి కట్టుబాట్లు ఎక్కువ కాలం నిలవవు.

నీటి లెక్క

పక్షికీ రైతుకూ మధ్య ప్రయోజనాలు ఎల్లప్పుడూ ఒకే దిశలో సాగుతాయని భావించడం పొరపాటు. గూడబాతు ఒక విడతకు సాధారణంగా మూడు లేదా నాలుగు గుడ్లు పెడుతుంది. 30 నుంచి 33 రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. ఆ తరువాత మూడు నుంచి ఐదు నెలల పాటు అవి గూటిని, దాని పరిసరాలను వదలవు. అంటే గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల స్వతంత్రంగా ఎగిరిపోయే వరకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఈ కాలమంతా చెట్ల మొదళ్లలో నీరు నిలిచి ఉండాలి. ఆ నీరే గూళ్లకు ప్రహరీ. నీరు ఇంకిపోతే నక్కలు, అడవి పిల్లులు, ఊరకుక్కలు చెట్ల కిందికి చేరతాయి. గూటి నుంచి జారిపడిన పిల్ల మళ్లీ పైకి చేరే అవకాశం ఉండదు. తల్లి పక్షులు గూళ్లను మధ్యలోనే విడిచిపెట్టే ప్రమాదం కూడా ఉంది.

అక్టోబరు, నవంబరు వానలకు నిండిన చెరువులో మార్చి వరకు కనీస నీరు మిగలాలన్నది పక్షుల అవసరం. సరిగ్గా జనవరి తరువాతే పొలాలకు చివరి తడులు కావాలన్నది రైతుల అవసరం. వాన బాగా కురిసిన ఏడు ఈ రెండింటికీ నీరు చాలుతుంది. తక్కువైన ఏడు తూము ఎప్పుడు మూయాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం గ్రామంలోనే, ఆయకట్టు రైతుల సమ్మతితోనే లభించాలి. తడి నష్టపోయే రైతుకు ప్రత్యామ్నాయం చూపకుండా తూము మూయిస్తే, మరుసటి ఏడాది పక్షికి కాపలా ఉండేవారు కరవవుతారు.

పక్షులు ఒకసారి స్థలాన్ని విడిచిపెడితే తిరిగి రావడం సులభం కాదన్నదానికి మన రాష్ట్రంలోనే నిదర్శనం ఉంది. ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరి జిల్లాలో గూడబాతుల భారీ స్థావరాన్ని గుర్తించి లోకానికి తెలియజేశారు. కొల్లేరు ప్రాంతంలోని ఆ స్థావరం 1975 నాటికి ఖాళీ అయింది. అనేక సంవత్సరాల తరువాత, కైకలూరు మండలం ఆటపాకలో నీటి మధ్య ఏర్పాటు చేసిన ఇనుప మంచెలపై గూడబాతులు మళ్లీ పెద్దసంఖ్యలో గూళ్లు కట్టడం ప్రారంభించాయి. పోయినదాన్ని తిరిగి రప్పించడానికి తరాల కాలం పట్టవచ్చునని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఊరి నడుమ పక్షుల కొలువు

ప్రజల కాపలాలో పక్షులు గూళ్లు కట్టే గ్రామాలు రాష్ట్రంలో మరికొన్ని ఉన్నాయి. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులో గ్రామ చెరువే పక్షుల స్థావరం. చెట్లు చాలనందున అక్కడ కూడా కృత్రిమ మంచెలు ఏర్పాటయ్యాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురంలో గూడబాతులు ఇళ్ల నడుమ ఉన్న చింత తదితర చెట్లపై గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానలకు ముందుగా వచ్చి వాలుతాయి. హిందూపురం సమీపంలోని వీరాపురంలో కూడా కొంగలు ఊరి చింతచెట్లను ఆశ్రయిస్తాయి. పెరట్లో రెట్ట వాసనను, వేకువజామున అరుపులను ఓర్చుకుంటూ ఆ గ్రామస్థులు వాటిని ఇంటి ఆడపడుచుల వలె ఆదరిస్తారు.

అయితే గ్రామస్థుల ఆదరణ ఒక్కటే అన్ని ప్రమాదాలనూ అడ్డుకోలేదు. తేలినీలాపురంలో 2021-22 శీతకాలంలో గూడబాతులు పెద్దసంఖ్యలో మరణించాయి. అవి తిన్న చేపల ద్వారా సంక్రమించిన నులిపురుగులే ఇందుకు కారణమని పరీక్షలలో తేలింది. పక్షి గూడు కట్టేది ఒక ఊరిలో, మేత మేసేది ఎన్నో మైళ్ల అవతల చెరువులలో. గూటిని కాపాడిన గ్రామానికి మేత స్థలంపై అధికారం ఉండదు. అందువల్ల గూళ్ల స్థలంతో పాటు మేత స్థలం ఆరోగ్యాన్ని కూడా ఒకే దృష్టితో చూడవలసి ఉంది. నేలపట్టు పక్షులకు ఆ మేత స్థలం పులికాట్ కావడం వల్ల చర్చ సహజంగానే ఆ సరస్సు వైపు సాగుతుంది.

పులికాట్: నీటి అడుగున కట్టడం

చిలికా తరువాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దీనిలో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణ భాగం తమిళనాడులోను ఉంది. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతం నుంచి వేరు చేస్తుంది. కాళంగి, ఆరణి తదితర నదులు మంచినీటిని తెస్తే, ముఖద్వారాల గుండా సముద్రపు ఆటుపోట్లు ఉప్పునీటిని తెస్తాయి. ఈ రెండింటి కలయికపైనే చేపలు, రొయ్యలు, పీతలు, వాటిపై ఆధారపడిన పక్షులు, మత్స్యకారులు జీవిస్తున్నారు. శీతకాలంలో ఇక్కడికి వచ్చే రాజహంసల గుంపులు దేశవ్యాప్తంగా ప్రసిద్ధి పొందాయి. వాటి పేరిట సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ 2001లో ప్రారంభమైంది. కొన్నేళ్ల విరామం తరువాత 2025 జనవరిలో దీనిని మళ్లీ నిర్వహించారు.

రాజహంసలను చూడటానికి వచ్చే సందర్శకుల దృష్టికి రాని జీవి ఆల్చిప్ప. తూర్పు తీరపు నదీముఖాలలో, ఉప్పుటేరులలో సాధారణంగా కనిపించే ఆల్చిప్ప జాతికి 1916లో ప్రెస్టన్ అనే శాస్త్రవేత్త మద్రాసు పేరు మీదుగానే శాస్త్రీయ నామం పెట్టారు. పులికాట్‌లో కూడా ఇది సహజంగా లభిస్తుంది.

ఆల్చిప్ప జీవితచక్రాన్ని తెలుసుకుంటే దిబ్బ ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. గుడ్డు నుంచి వెలువడిన డింభకం సుమారు రెండు మూడు వారాలు నీటిలో తేలియాడుతుంది. ఆ వ్యవధిలోగా అది గట్టి ఆధారాన్ని పట్టుకోవాలి. రాయి, కొయ్యగుంజ వంటి వాటిని కూడా అది ఆశ్రయిస్తుంది కానీ, మరో ఆల్చిప్ప గుల్ల దానికి అన్నింటికంటే అనువైనది. ఒకసారి అతుక్కున్న తరువాత జీవితాంతం అది కదలదు. తాతల గుల్లలపై తండ్రులు, తండ్రుల గుల్లలపై పిల్లలు పెరుగుతూ పోగా ఏర్పడే కట్టడమే ఆల్చిప్పల దిబ్బ. బురద అడుగున అటువంటి ఆధారం లేకపోతే డింభకాలు ఎన్ని పుట్టినా కూరుకుపోయి నశిస్తాయి.

ఈ దిబ్బల వల్ల ప్రయోజనాలు అనేకం. ఆల్చిప్ప తన మొప్పల ద్వారా నీటిని వడకట్టి అందులోని సూక్ష్మజీవులను ఆహారంగా తీసుకుంటుంది. ఆ క్రమంలో నీటి మకిలి తగ్గి, అడుగు వరకు వెలుతురు సోకుతుంది. దిబ్బలోని సందులలో చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు తలదాచుకుంటాయి. వాటి కోసం పెద్ద చేపలు, వాటి కోసం పక్షులు, మత్స్యకారులు వస్తారు. అలల ధాటిని తగ్గించి ఒడ్డు కోతను నిరోధించడంలో కూడా దిబ్బలు తోడ్పడతాయి. అందువల్ల ఆల్చిప్పల దిబ్బను కాపాడటం ఒక జీవిని మాత్రమే కాపాడటం కాదు.

గుల్ల సున్నం వెనుక కథ

సరస్సు అడుగున వేల సంవత్సరాలుగా పేరుకుపోయిన గుల్లల నిక్షేపాలు ఉన్నాయి. తీరప్రాంతంలో తరతరాలుగా ఈ గుల్లలను బట్టీలలో కాల్చి సున్నం తయారుచేసేవారు. గోడలకు వేసినా, తాంబూలంలో వాడినా గుల్ల సున్నానికి మంచి పేరుంది. కాలక్రమంలో గుల్లకు పరిశ్రమల నుంచి గిరాకీ పెరగడంతో తవ్వకం స్వభావం కూడా మారింది. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఇటువంటి తవ్వకం చట్టరీత్యా నేరం.

తవ్వేది చచ్చిన గుల్లలనే కదా అన్న వాదన తరచుగా వినిపిస్తుంది. పై వివరణను బట్టి దానికి సమాధానం తేలికే. చచ్చిన గుల్లే రాబోయే తరానికి పునాది. పునాదిని తరలించిన చోట బతికి ఉన్న ఆల్చిప్పలు కూడా ఎక్కువ కాలం నిలవవు. పైగా తవ్వకంతో లేచిన బురద పరిసరాలలోని ఇతర జీవులపై పేరుకుంటుంది.

తవ్వకం ఒక్కటే సమస్య కాదు. సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం వల్ల సముద్రపు నీటి రాకపోకలు తగ్గుతున్నాయి. ఉత్తరాన తూపిలిపాలెం, మధ్యలో రాయదొరువు ముఖద్వారాల పూడిక ప్రభావం సరస్సు ఉత్తర భాగంపై స్పష్టంగా కనిపిస్తుంది. వేసవిలో అక్కడ నీరు వెనుకకు జరిగి, విశాలమైన ఉప్పు మైదానాలు తేలతాయి. ఉప్పదనం వేసవిలో మరీ పెరిగినా, వరదలలో మరీ తగ్గినా ఆల్చిప్పకు హాని కలుగుతుంది. కాబట్టి ముఖద్వారాల సమస్యను విస్మరించి దిబ్బల పునరుద్ధరణను గురించి ఆలోచించడం పునాది లేని ఇంటికి కప్పు వేయడం వంటిదే అవుతుంది.

ఇతర ప్రాంతాల అనుభవాలు

ప్రపంచవ్యాప్తంగా ఆల్చిప్పల దిబ్బలలో సుమారు 85 శాతం అంతరించిపోయినట్లు 2011లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అమెరికాలోని చెసపీక్ అఖాతంలో ఒకప్పుడు ఆల్చిప్పలు మొత్తం నీటిని వారం రోజులలోపే వడకట్టేవని, సంఖ్య తగ్గిపోయిన తరువాత అదే పనికి దాదాపు ఏడాది పడుతోందని శాస్త్రవేత్త రోజర్ న్యూవెల్ 1988లో లెక్కగట్టారు. న్యూయార్క్ నౌకాశ్రయంలో 2014లో ప్రారంభమైన ఒక పథకంలో, భోజనశాలలలో మిగిలిన గుల్లలను సేకరించి, వాటిని చాలాకాలం ఆరుబయట ఎండబెట్టి, పిల్ల చిప్పలను వాటిపై పెంచి తిరిగి నీటిలో వేస్తున్నారు. 2035 నాటికి వంద కోట్ల ఆల్చిప్పలు అన్నది వారి లక్ష్యం. ఇందులో పాఠశాల విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు పెద్దసంఖ్యలో పాల్గొంటున్నారు.

మన దేశంలోని అనుభవం ఇంకా దగ్గరిది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970 దశకంలో తూత్తుకుడిలో ఆల్చిప్పల పెంపకం పద్ధతిని రూపొందించింది. ఖాళీ గుల్లలను తాళ్లకు గుచ్చి నీటిలో వేలాడదీస్తే డింభకాలు వాటిపై చేరి పెరుగుతాయి. కేరళలో 1990 దశకం నుంచి మహిళా సంఘాలు ఈ పద్ధతిని జీవనోపాధిగా స్వీకరించాయి.

కేరళలోని అష్టముడి సరస్సు మరో పాఠం నేర్పుతుంది. అక్కడ సుమారు 3,000 మందికి ఉపాధి కల్పిస్తున్న క్లామ్ జాతి చిప్పలు మితిమీరిన సేకరణ వల్ల తగ్గిపోసాగాయి. 1993లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సంతానోత్పత్తి కాలంలో సేకరణ నిలిపివేశారు. వలకంటి పరిమాణంపై నియమాలు విధించారు. చిప్పల సంపద తిరిగి కోలుకుంది. 2014లో ఆ మత్స్య క్షేత్రం అంతర్జాతీయ సుస్థిరత ధ్రువీకరణ పొందింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి క్షేత్రం అదే కావడం విశేషం. మూడు నెలలు చేతులు కట్టుకొని కూర్చున్నవారే తొమ్మిది నెలల ప్రయోజనం పొందడం వల్ల ఆ నియమం నిలిచింది. నేలపట్టు రైతు కట్టుబాటుకూ, అష్టముడి చిప్పల సేకరణదారుల కట్టుబాటుకూ మూలసూత్రం ఒక్కటే.

పులికాట్ మత్స్యకారులకు కూడా కట్టుబాట్లు కొత్త కావు. సరస్సు దక్షిణ భాగంలో 'పాడు' అనే సంప్రదాయం ఉంది. ఏ కుటుంబం ఏ రోజు ఏ చోట వల కట్టాలన్నది గ్రామమే వంతుల వారీగా నిర్ణయిస్తుంది. మంచి చోటు ఒకరికే దక్కకుండా అందరికీ తిరుగుతుంది. అయితే ఆ వంతులలో చోటు లేని వర్గాలు బయటనే మిగిలిపోవడం వల్ల వివాదాలు కూడా తలెత్తాయి. ఏ కొత్త ఏర్పాటులోనైనా యానాదుల వంటి, నావలు లేక చేతితోనే చేపలు, పీతలు పట్టుకునే పేద కుటుంబాలకు స్థానం కల్పించాలన్నది దీని నుంచి గ్రహించవలసిన అంశం.

ఆచరణలో పాటించవలసిన క్రమం

ఆల్చిప్పల దిబ్బల పునరుద్ధరణను పరిశీలించే అధికారులు ఈ క్రమాన్ని పాటించడం మేలు.

మొదటిది, ఎక్కడ దిబ్బలు బతికి ఉన్నాయో, ఎక్కడ ఉండేవో మత్స్యకారుల సహాయంతో గుర్తించాలి. సరస్సు అడుగును వారికంటే బాగా ఎరిగినవారు లేరు.

రెండవది, ఆయా చోట్ల కనీసం ఒక సంవత్సరం పాటు అన్ని రుతువులలో ఉప్పదనం, లోతు, బురద పరిశీలించాలి. వేసవిలో ఎండిపోయే చోట గుల్లలు వేయడం వృథా ప్రయాస.

మూడవది, బతికి ఉన్న దిబ్బలను ముందుగా కాపాడాలి. కొత్త దిబ్బ కట్టడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టడం చౌక, సులభం.

నాలుగవది, వేయదలచిన గుల్లలు శుభ్రపరచి బాగా ఎండబెట్టినవై ఉండాలి. వేరే చోట నుంచి తెచ్చిన పచ్చి గుల్లల ద్వారా వ్యాధులు, అన్య జీవులు చేరే ప్రమాదం ఉంది. ఒక దిబ్బ కోసం మరో దిబ్బను తవ్వడం అసలే కూడదు.

ఐదవది, వల తగలకుండా విడిచిపెట్టే చోటును మత్స్యకార గ్రామాలే నిర్ణయించాలి. అందువల్ల తాత్కాలికంగా ఆదాయం కోల్పోయే కుటుంబాల వివరాలు ముందుగానే నమోదు కావాలి.

కొల్లేరులో 2006లో చేపల చెరువుల తొలగింపు అనంతరం జీవనోపాధిపై తలెత్తిన ప్రశ్నలు సుదీర్ఘకాలం కొనసాగాయి. ఆ చర్చలు ముందుగానే జరిగితే ఆచరణ సులభమవుతుందన్నది ఆ అనుభవం చెప్పే సంగతి.

చట్టంలో ఉన్న అవకాశాలు

ప్రజల భాగస్వామ్యానికి చట్టంలోనే తగిన ఏర్పాట్లు ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2002లో చేసిన సవరణ ప్రకారం అభయారణ్యాలకు సలహా సంఘాలను నియమించవచ్చు. వీటిలో శాసనసభ్యులతో పాటు పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులకు, స్వచ్ఛంద సంస్థలకు స్థానం ఉంటుంది. అదే సవరణ ద్వారా ప్రజలు తమ ఉమ్మడి భూమిని లేదా సొంత భూమిని స్వచ్ఛందంగా కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటింపజేసుకునే వీలు కలిగింది. గూడబాతులకు పేరొందిన కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు గ్రామం 2007లో ఈ విధంగా కమ్యూనిటీ రిజర్వు అయింది. అభయారణ్యంగా ఇదివరకే ప్రకటించిన ప్రాంతానికి ఈ నిబంధన వర్తించదు. కానీ వాటి వెలుపల ఉన్న గ్రామాలకు ఇది మంచి అవకాశం.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడాలి. గ్రామ పరిధిలోని జీవజాతులను, వాటిని గురించి ప్రజలకు ఉన్న పరిజ్ఞానాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయడం ఆ కమిటీ బాధ్యత. ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం, 1997 ద్వారా ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు చెరువు నీటి పంపిణీపై నిర్ణయాలు తీసుకునే వేదికలు. పక్షుల కోసం కనీస నీటిమట్టం ఎంత ఉంచాలన్న చర్చకు ఇదే సరైన స్థలం.

పాత్రికేయుల దృష్టికి

పక్షుల వార్తలలో తరచుగా దొర్లే పొరపాటు ఒకటి ఉంది. నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురం గూడబాతులను 'సైబీరియా పక్షులు' అని వర్ణించడం పరిపాటి. వాస్తవానికి గూడబాతు, నత్తగుల్ల కొంగ, తెల్ల కంకణం మన ఉపఖండానికి చెందినవే. నీరు, మేత ఉన్నచోటును బట్టి ప్రాంతాలు మారుతుంటాయి. ఉత్తర దేశాల నుంచి నిజంగా వలస వచ్చేవి సూదితోక బాతు వంటి బాతులు, కొన్ని రకాల ఉల్లంకి పిట్టలు. అవి ఇక్కడ మేసి వెళతాయే తప్ప గూళ్లు కట్టవు. రాజహంసలకు దేశంలో ప్రధాన సంతానోత్పత్తి స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతం.

ఈ తేడా మాటలకు సంబంధించినది మాత్రమే కాదు. పరదేశపు అతిథి అన్నప్పుడు దాని మనుగడ మరెవరి బాధ్యతగానో తోస్తుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే మేసి, ఇక్కడే పిల్లల్ని పెంచే పక్షి అన్నప్పుడు బాధ్యత మన చెరువుకు, మన తూముకు చేరుతుంది. అలాగే పక్షుల సంఖ్యను ప్రకటించేటప్పుడు లెక్కించిన తేదీని, లెక్కించినవారిని పేర్కొనడం, గూళ్ల దగ్గరకు వెళ్లి ఛాయాచిత్రాలు తీయకుండా ఉండటం అవసరం. బెదిరిన తల్లి గూడు వదిలి ఎగిరితే గుడ్లను కాకులు, ఎండ నిమిషాలలో పాడుచేస్తాయి.

మెట్ట చెరువులకు పాఠం

వరికుంటపాడు, ఉదయగిరి ప్రాంతానికి ఆల్చిప్పలు లేవు, ఆటుపోట్లు లేవు. కానీ చెరువులున్నాయి, వాటిపై వాలే పక్షులున్నాయి, వెలిగొండల వెంబడి 1997లో ఏర్పడిన పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. చెరువు గట్టున, శిఖంలో పెరిగిన తుమ్మ, చింత చెట్లను పూడికతీత పనులలో నరికివేయకుండా కొన్నింటిని మిగల్చడం, చెరువు నడుమ మట్టి దిబ్బలను విడిచిపెట్టడం, వేసవిలో ఒక మూల కొద్దిపాటి నీటిని నిలపడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. పక్షి వాలిన చెరువు చేపకు, రైతుకు కూడా మేలైన చెరువేనని నేలపట్టు అనుభవం చాటుతోంది.

నేలపట్టులో రైతు తూము దగ్గర తీసుకునే నిర్ణయం, పులికాట్‌లో మత్స్యకారుడు గుల్లను అడుగునే వదిలివేసే నిర్ణయం, మెట్టలో ఆయకట్టుదారుడు ఒక చెట్టును నిలబెట్టే నిర్ణయం వన్యప్రాణి సంరక్షణలో ప్రభుత్వ ఉత్తర్వుతో సమానమైన బరువు గలవి. ఆ నిర్ణయాలు తీసుకున్నవారు నష్టపోకుండా చూడటం యంత్రాంగం వంతు. ఆ హామీ ఉన్నంతకాలం వానలు కురిసిన ప్రతి ఏటా పక్షులు తిరిగి వస్తాయని ఆశించవచ్చు.